చార్టు గీసిన చేతులు

కంప్యూటర్ చరిత్ర అనగానే యంత్రాల పేర్లు చెబుతారు, వాటిని కనిపెట్టిన మగవాళ్ల పేర్లు చెబుతారు. ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషికి అది ఎలా అర్థమైందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ప్రోగ్రాములు రాసేవాళ్ల బల్ల ఎదుట, గోడకు అతికించి ఉండే చార్టును చూస్తే ఆ ప్రశ్న రాక మానదు.

ముందే ఎవరో రాసిపెట్టిన కోడ్ ముక్కలు వేలకొద్దీ ఒకచోట ఉంటే దాన్ని లైబ్రరీ అంటారు. అందులో ఏది ఎక్కడుంది, ఏది దేనినుంచి పుట్టింది, దేన్ని ఏ పేరుతో పిలవాలి అన్నది గళ్లతో, గీతలతో ఒకే కాగితం మీద చూపించే పటమే ఈ చార్టు. లావుపాటి మాన్యువల్ తిరగేసే వ్యవధి లేనప్పుడు చెయ్యి దీని మీదికే పోతుంది. అయినా దాన్ని పనికి సాయపడే కాగితంగా చూస్తామే గాని, జ్ఞానంగా లెక్కించం. ఆ కాగితం వంశాన్ని వెతుక్కుంటూ వెనక్కి పోతే అడుగడుగునా స్త్రీలు కనిపిస్తారు. వాళ్ల పని లెక్కలోకి రాకపోవడానికీ, ఆ కాగితం లెక్కలోకి రాకపోవడానికీ సంబంధం ఉంది.

1945లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన మూర్ స్కూల్లో ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్ తయారవుతోంది. 40 ప్యానెళ్లు, దాదాపు 18,000 వాక్యూం ట్యూబులు. ఫిరంగి గుండు ఏ దారిన పోయి ఎక్కడ పడుతుందో లెక్క కట్టడానికి సైన్యం దాన్ని కట్టిస్తోంది. అంతవరకూ ఆ లెక్కలు చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది గణితం చదువుకున్న అమ్మాయిలు. వాళ్ల ఉద్యోగం పేరే 'కంప్యూటర్'. వాళ్లలోంచి ఆరుగురిని కొత్త యంత్రానికి ఎంపిక చేశారు: కే మెక్‌నల్టీ, బెట్టీ జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలాస్, రూత్ లిక్టర్‌మన్.

అది యుద్ధకాలపు రహస్యం కాబట్టి అనుమతి వచ్చేదాకా వాళ్లను యంత్రం ఉన్న గదిలోకి రానివ్వలేదు. అప్పటికింకా మాన్యువల్ లేదు. వాళ్ల చేతికిచ్చింది బ్లాక్ డయాగ్రములు, వైరింగ్ పటాలు మాత్రమే. ఆ పటాలు చదువుతూ, ఇంజనీర్లను ప్రశ్నిస్తూ యంత్రాన్ని నేర్చుకున్నారు. అప్పట్లో ప్రోగ్రాం అంటే తీగలు గుచ్చడం, స్విచ్చులు తిప్పడం. ఏ తీగ ఎక్కడికి పోవాలో ముందు కాగితం మీద తేల్చుకోవాల్సిందే. అంటే వాళ్లు ముందు పటాన్ని చదివారు, ఆ తర్వాత యంత్రాన్ని చూశారు.

1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ను లోకానికి చూపించారు. ఆనాటి ప్రదర్శనలో నడిచిన గుండు గమనం లెక్కకు ప్రోగ్రాం తయారు చేసింది స్నైడర్, జెన్నింగ్స్. పత్రికలు యంత్రాన్ని పొగిడాయి, దాన్ని కట్టిన మగవాళ్లను పొగిడాయి. 1980లలో హార్వర్డ్ విద్యార్థినిగా ఉన్న కాతీ క్లైమన్ పాత ఫోటోలు చూసి, యంత్రం పక్కనున్న ఈ స్త్రీలెవరని అడిగింది. ఫోటోకి అందంగా ఉంటుందని నిలబెట్టిన మోడల్స్ అని జవాబొచ్చింది! ఆ జవాబుతో ఊరుకోకుండా వాళ్లను వెతికి, మాట్లాడించి, చివరకు 2022లో 'ప్రూవింగ్ గ్రౌండ్' పేరుతో ఆమె వాళ్ల చరిత్ర రాసింది.

1946 జూన్‌లో ఎనియాక్ సాంకేతిక నివేదిక వెలువడింది. దాన్ని రాసింది అడెల్ గోల్డ్‌స్టీన్ అనే గణిత శాస్త్రజ్ఞురాలు. యంత్రంలో ఏ భాగం ఏం చేస్తుందో, దానికి ఆజ్ఞ ఎలా ఇవ్వాలో తర్వాత వచ్చేవాళ్లకు తెలిసేలా చేసిన పని అది. ఆరుగురు చెమటోడ్చి నేర్చుకున్నది ఏడో మనిషికి సులువుగా అందాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఇలా రాయాలి, గీయాలి.

పటం గీయడం ఎప్పుడూ సమానత్వానికే ఉపయోగపడిందని మాత్రం అనుకోకూడదు. 1947లో హెర్మన్ గోల్డ్‌స్టీన్, జాన్ వాన్ నాయ్‌మన్ ప్రోగ్రాం నడకను బొమ్మగా చూపే ఫ్లో డయాగ్రం పద్ధతిని ప్రచురించారు. అందులో ఆలోచించి పటం గీయడం ఒక దశ, దాన్ని కోడ్‌గా మార్చడం ఇంకో దశ. ఆ రెండోది దాదాపు గుమాస్తా పని అన్నట్టుగా ఉంటుంది. ఆలోచన పైన, అమలు కింద. మనకు బాగా తెలిసిన శ్రమ విభజనే కదా ఇది! 1948లో ఎనియాక్ మీద అణ్వాయుధ పరిశోధనకు సంబంధించిన మాంటే కార్లో లెక్కలు జరిగినప్పుడు కోడ్ రాసింది వాన్ నాయ్‌మన్ భార్య క్లారా. పటంలో ఒక గడిగా ఉన్నది యంత్రంలో పనిచేయాలంటే ఎన్ని నిర్ణయాలు తీసుకోవాలో చూస్తే, అది గుమాస్తా పని కాదని తెలుస్తుంది. ఆ లెక్కలు దేనికోసం జరిగాయన్నది కూడా మరచిపోకూడదు. ఫిరంగులకూ బాంబులకూ వెచ్చించిన మేధస్సులో స్త్రీల మేధస్సూ ఉంది. గుర్తింపు కోరేటప్పుడు ఈ చేదు భాగాన్ని వదిలేసి కోరలేం.

ప్రోగ్రాములు పెరిగేకొద్దీ ఒకరు రాసింది ఇంకొకరు వాడుకునే అవసరం వచ్చింది. హార్వర్డ్‌లో మార్క్ 1 యంత్రం మీద పనిచేసిన గ్రేస్ హాపర్ 500 పేజీలు దాటిన దాని మాన్యువల్‌లో (1946) చాలా భాగం రాసింది. అక్కడి ప్రోగ్రామర్లు సరిగ్గా పనిచేసిన కోడ్ ముక్కల్ని నోటుపుస్తకాల్లో దాచుకునేవాళ్లు, ఒకరి పుస్తకంలోంచి ఒకరు ఎక్కించుకునేవాళ్లు. అలా ఎక్కించుకోవడంలో తప్పులు దొర్లేవి. ఆ అనుభవంలోంచే హాపర్ ముందుకు పోయింది. 1952 నాటి ఆమె ఎ-0 వ్యవస్థలో ముక్కలన్నీ టేపు మీద ఉంటాయి, ఒక్కోదానికి పిలుపు సంఖ్య ఉంటుంది. ప్రోగ్రామర్ ఆ సంఖ్య చెబితే యంత్రమే వెతికి తెచ్చి అతుకుతుంది. దీంతో ఏ సంఖ్యకు ఏ ముక్క వస్తుందో చెప్పే జాబితా మనిషి చేతికి అవసరమైంది.

ఎనియాక్ ఆరుగురిలో ఒకరైన బెట్టీ స్నైడర్, పెళ్లి తర్వాత బెట్టీ హోల్‌బర్టన్, యూనివాక్ కోసం సి-10 అనే ఆజ్ఞల భాష తయారు చేసింది. అందులో కూడటానికి, అంటే ఇంగ్లీషు 'యాడ్'కి, 'ఎ' గుర్తు. తీసుకురావటానికి, అంటే 'బ్రింగ్'కి, 'బి'. వినడానికి చిన్న విషయమే. కానీ ఆవాల డబ్బా మీద 17 అని అంకె వేస్తే గుర్తుంటుందా, 'ఆ' అని రాస్తే గుర్తుంటుందా? యంత్రానికి ఏదైనా ఒకటే. తేడా వాడే మనిషికి. ఆ మనిషిని దృష్టిలో పెట్టుకోవడమే హోల్‌బర్టన్ చేసిన ఆవిష్కారం.

1964లో ఐబిఎం సిస్టం 360 వచ్చాక ఆజ్ఞలన్నీ మడత పెట్టే పచ్చ కార్డు మీద ఇమిడి ప్రోగ్రామర్ల జేబుల్లోకి చేరాయి. 370కి పసుపు కార్డు వచ్చింది. ఈ కార్డుల్ని ఎవరు కూర్చారో ప్రపంచానికి తెలియదు, కంపెనీ పేరే తెలుసు. 1996లో జావా మొదటి రూపం వచ్చినప్పుడు దాని లైబ్రరీలోని క్లాసులు వందల్లోనే ఉన్నాయి. కొన్నేళ్లలోనే వేలు దాటాయి. ఏ క్లాసు దేనినుంచి పుట్టిందో చూపే వంశవృక్షాలు పుస్తకాల్లోకీ గోడల మీదికీ వచ్చాయి. 2003లో కాతీ సియెరా, బెర్ట్ బేట్స్ కలిసి 'హెడ్ ఫస్ట్ జావా' రాశారు. బొమ్మలతో, బాణాలతో, మాటామంతీలా సాగే ఆ పుస్తకం ఎంతోమందికి జావా నేర్పింది. 2007లో సియెరాకి హత్యా బెదిరింపులు వచ్చాయి. మాట్లాడాల్సిన సభకు వెళ్లడం మానుకుని ఆమె కొన్నేళ్లు బహిరంగ జీవితం నుంచి తప్పుకుంది. 1946లో స్త్రీల పేర్లు చెప్పలేదు. 2007 నాటికి పేరు తెలియడమే ప్రమాదమైంది.

ఇది దూరదేశపు కథే అయినా మనకు పరాయిది కాదు. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ నేర్చుకున్న తరానికి జిరాక్స్ నోట్సు విలువ తెలుసు. చేతులు మారుతూ వచ్చిన ఆ కాగితాల మీద మొదట రాసినవాళ్ల పేరు వెతికితే దొరకదు. పని చేసినవాళ్లనే అడిగి చరిత్ర రాయడం మనకు కొత్త కూడా కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను మాట్లాడించి స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. కాతీ క్లైమన్ చేసిందీ అటువంటి పనే.

ఒక తెలివిని పదిమందికి పంచగలిగే రూపంలోకి తేవడం కూడా తెలివే. ఇల్లయినా ఆఫీసైనా, ఇంకొకరికి అర్థమయ్యేలా సర్దిపెట్టే పనిని స్త్రీల స్వభావంగా చెబితే, దానికి జీతమూ పేరూ ఇవ్వనక్కర్లేదు. నైపుణ్యమని ఒప్పుకుంటే రెండూ ఇవ్వాలి. మన హైటెక్ కార్యాలయాల్లో చార్టులు గీస్తున్న, నోట్సు రాస్తున్న, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతున్న స్త్రీలు ఆ కాగితాల అడుగున తమ పేరూ తేదీ రాసుకోవాలి. రేపు చరిత్ర రాయబోయేవాళ్లకు అదే మొదటి ఆధారం.