షడ్భుజ చదరంగంలో బంట్లు

షడ్భుజ గళ్ల మీద ఆడే చదరంగాల్లో అన్నిటికన్నా పేరున్నది పోలండ్‌వాడైన వ్లాడిస్లావ్ గ్లిన్‌స్కి 1936లో రూపొందించినది. 1949లో అది బ్రిటన్‌లో జనంలోకి వచ్చింది. బోర్డులో మూడు రంగుల 91 గళ్లు, 11 నిలువు వరుసలు ఉంటాయి. ఒక్కో పక్షానికి మూడు బిషప్‌లు, తొమ్మిది బంట్లు. ఈ ఆట తీరునంతా మలిచేది బంటు ఏ దిక్కుకు చంపుతుందన్న ఒక్క నియమమే. బంటు నిలువు వరుసలో ముందుకు జరుగుతుంది, చంపేటప్పుడు మాత్రం అంచు ఆనుకుని ముందువైపున్న పక్క గడిలోకి వెళ్తుంది. ఆట మొదట్లో తొమ్మిది బంట్లూ ప్రమోషన్‌కు సరిగ్గా ఆరు గళ్ల దూరంలో ఉంటాయి. కానీ మధ్య వరుసలు పొడుగు, అంచు వరుసలు కురచ. తెల్ల బంటు ఇ5లో ఉందనుకుందాం; ఇ10 చేరడానికి ఐదు అడుగులు కావాలి. అది మధ్యవైపు చంపి ఎఫ్6కు వస్తే, ఎఫ్11కు మళ్లీ ఐదు అడుగులే. బయటివైపు చంపి డి5కు వెళ్తే డి9కి నాలుగే. మామూలు చదరంగంలో ఎటు చంపినా ఒక అడుగు కలిసొస్తుంది, అందుకే వీలైతే మధ్యవైపే చంపమంటారు. ఇక్కడ ఆ సలహాను కళ్లు మూసుకుని పాటించడానికి లేదు: మధ్యభాగం కావాలనుకున్నవాడు పరుగులో లాభం వదులుకోవాలి.

అదే నియమం బంట్ల గొలుసు స్వభావాన్నీ మార్చేసింది. బి1, సి2, డి3, ఇ4, ఎఫ్5 బంట్లు వరుసగా ఒకదాన్నొకటి కాచుకుంటాయి. ఆ గొలుసు రూక్ నడిచే గీత మీద ఉంటుంది, దాని గళ్ల రంగులు మారుతూ పోతాయి. కాబట్టి దాని బరువంతా ఒకే రంగు బిషప్ మీద పడదు. పైగా ఎఫ్2 బిషప్ ఏ బంటూ కదలకముందే ఇ3 మీదుగా, ఇ4, డి3 బంట్ల సందులోంచి డి4కు దూరిపోగలదు. డేవ్ మెకూయీ, రిచర్డ్ హనీకట్ 1978–79లో తయారుచేసిన ఆటలో బోర్డు ఇదే, బంట్లు మాత్రం బిషప్ దారిలో చంపుతాయి. అక్కడ ఇ5 బంటు ఎఫ్7లోనో, డి6లోనో చంపుతుంది, ఎటైనా ప్రమోషన్‌కు దగ్గరవుతుంది. గొలుసంతా ఒకే రంగు గళ్లలో ఉంటుంది, ఆ రంగు బిషప్‌కు తన బంట్లే అడ్డవుతాయి. మామూలు చదరంగం నుంచి వచ్చినవారికి ఇది పరిచితంగా తోస్తుంది. గ్లిన్‌స్కి ఆటలోని కొత్తదనం నాకు ఎక్కువ విలువైనదనిపిస్తుంది.

మంత్రి పన్నెండు దిక్కులకు పరుగెత్తే బోర్డులో బంట్లకు అంత విలువెక్కడిది అనవచ్చు. 64 గళ్ల బోర్డులో మొదట నాలుగో వంతు బంట్లతో నిండి ఉంటే, ఇక్కడ నిండేది దాదాపు ఐదో వంతే. ఆట మధ్యలో ఈ అభ్యంతరానికి కొంత బలం ఉంది. బలగాలు తరిగాక మాత్రం అది నిలవదు. గ్లిన్‌స్కి నియమాల్లో స్టేల్‌మేట్ డ్రా కాదు: ఎదుటి రాజును కదలకుండా చేసినవాడికి ముప్పావు పాయింటు, ఇరుక్కున్నవాడికి పావు. ప్రమోషన్ గడికి ఒక్క అడుగు దూరంలో ఆగిపోయిన బంటు కూడా రాజును మూలకు నొక్కి ఆ ముప్పావు పాయింటు తెచ్చిపెట్టగలదు.