హైడే నేలలో హెర్మాన్స్‌బుర్గ్: ఒక పల్లె, దాని చర్చి, వాటి పుట్టుపూర్వోత్తరాలు

జర్మనీ ఉత్తర భాగాన, నేటి లోయర్ సాక్సనీ రాష్ట్రంలో, ల్యూనెబుర్గ్ హైడే అనే విశాలమైన ఇసుక మైదానం ఉంది. ‘హైడే’ అంటే చెట్లు పలచబడి, మోకాలెత్తు పొదలు మాత్రమే దట్టంగా అల్లుకుని, వేసవి చివర ఊదారంగు పూలతో నిండిపోయే బీడు. చూసేవారికి ఇది ప్రకృతి సహజంగా కనిపించినా, నిజానికి శతాబ్దాల తరబడి అడవిని కొట్టి, గొర్రెలను మేపి, రైతులే తెలియకుండా తయారుచేసుకున్న నేల. ఇక్కడి రైతు హైడే పైపొరను వేళ్లతో సహా పెళ్లలుగా కోసి గొర్రెల దొడ్డిలో పరిచి, అవి పేడతో కలిసి మాగిన తరువాత తన చిన్న చెక్కకు ఎరువుగా తోలుకునేవాడు. ‘ప్లాగెన్’ అనే ఈ పద్ధతిలో ఒక చెక్క పండాలంటే దానికి ఎన్నో రెట్ల బీడు బోసిపోయేది. రై, బక్‌వీట్ వంటి మొండి పంటలు, హైడ్‌ష్నూకే అనే బూడిదరంగు కొమ్ముల గొర్రెలు, తేనెటీగల పెంపకం ఈ సీమకు ఆధారాలు. ఇంత బీద నేలలో, ఎర్ట్సే అనే చిన్న నది ఒడ్డున, హెర్మాన్స్‌బుర్గ్ పల్లె వెలసింది.

పేరును విడదీస్తే ‘హెర్మాన్’ వ్యక్తి పేరు, ‘బుర్గ్’ కోట. పదవ శతాబ్దంలో ఈ ప్రాంతంలో పెత్తనం నెరపి 973లో మరణించిన సాక్సన్ ప్రభువు హెర్మాన్ బిల్లుంగ్‌ను ఈ పేరు సూచిస్తుందని స్థానిక సంప్రదాయం. మిండెన్ పట్టణం నుంచి లాండోల్ఫ్ అనే సన్యాసి వచ్చి, అన్య దేవతలను కొలిచే సాక్సన్లకు సువార్త చెప్పి, ఎర్ట్సే ఒడ్డున మొదటి చర్చిని నిలిపాడని మరొక గాథ. ఈ సీమ మధ్యయుగంలో మిండెన్ బిషప్పు పరిధిలో ఉండేది గనుక గాథలో చారిత్రక బీజం ఉండవచ్చు. అయితే దానిని 19వ శతాబ్దంలో విస్తారంగా ప్రచారం చేసినవాడు ఆ ఊరి పాస్టరే కాబట్టి, అందులోని ప్రతి వివరాన్ని శాసనంలా స్వీకరించడం తగదు. పీటర్, పౌలు అనే ఇద్దరు అపొస్తలుల పేరిట వెలసిన చర్చి మాత్రం మధ్యయుగం నుంచి ఆ ఊరికి నడిబొడ్డుగా నిలిచింది.

ఇక్కడ ‘కిర్ష్‌పీల్’ అనే మాటను తెలుసుకోవాలి. ఒక చర్చికి చెందిన మొత్తం భూభాగానికి, అందులోని కుటుంబాలన్నిటికీ కలిపి ఆ పేరు. హైడే ప్రాంతంలో ఇళ్లు తెలుగు పల్లెల్లోలాగా వీధులుగా చేరి ఉండవు. ‘హోఫ్’ అనే రైతు లోగిళ్లు ఓక్ చెట్ల మధ్య విడివిడిగా, కొన్ని చోట్ల మైళ్ల దూరంలో ఉంటాయి. ఈ చెదిరిన లోగిళ్లవారు బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాలన్నా, పెళ్లి జరిపించాలన్నా, చనిపోయినవారిని పాతిపెట్టాలన్నా రావలసింది ఒక్క చోటికే. అందుచేత ఇక్కడ ఊరు చర్చిని కట్టుకున్నదనడం కంటే, చర్చే చెదిరిన కుటుంబాలను కూర్చి ఊరిని కట్టిందనడం సత్యానికి దగ్గర. 1527 ప్రాంతంలో త్సెల్లె రాజధానిగా పాలించిన ఎర్న్‌స్ట్ ప్రభువు లూథర్ సంస్కరణను తన రాజ్యంలో ప్రవేశపెట్టినప్పుడు ఈ సంఘం కూడా లూథరన్ అయింది. ఆ తరువాతి మూడు శతాబ్దాలలో బయటి ప్రపంచానికి ఈ ఊరి పేరు తెలియవలసిన అవసరం ఏర్పడలేదు.

ఆ అవసరాన్ని కల్పించినవాడు లూయీ హార్మ్స్. 1808లో వాల్స్‌రోడేలో పుట్టి, గెట్టింగెన్ విశ్వవిద్యాలయంలో చదివిన ఆయన, హెర్మాన్స్‌బుర్గ్ పాస్టరైన తండ్రికి సహాయకుడిగా 1844లో వచ్చి, తండ్రి మరణానంతరం 1849లో పూర్తి బాధ్యత చేపట్టి, 1865లో చనిపోయే వరకు అక్కడే ఉన్నాడు. ఆదివారం ఆరాధన తరువాత రైతులతో ఆయన మాట్లాడింది పుస్తకాల జర్మన్‌లో కాదు, వారు ఇంట్లో మాట్లాడుకునే ‘ప్లాట్’ అనే ఉత్తరాది యాసలో. ఆ యాసలో ఆయన చెప్పిన కథల కోసం, ప్రసంగాల కోసం దూరపు లోగిళ్ల నుంచి జనం నడిచి వచ్చేవారు. తెలుగు క్రైస్తవులు ‘ఉజ్జీవం’ అని పిలిచే ఆధ్యాత్మిక మేల్కొలుపు ఆ విధంగా ఆ పల్లెలో మొదలైంది.

1849 అక్టోబరులో ఆయన పన్నెండు మంది యువకులతో మిషనరీ శిక్షణాలయం తెరిచాడు. అప్పటికి జర్మనీలో ఈ పని పట్టణాల సంఘాలు, పెద్దల కమిటీలు చేసేవి. ఇక్కడ పల్లె సంఘమే దానిని భుజాన వేసుకుంది. శిష్యులలో ఎక్కువమంది రైతుబిడ్డలు. బైబిలుతోపాటు సేద్యం, చేతిపనులు కూడా వారి శిక్షణలో భాగం. హైడే రైతు కుటుంబంలో భూమిని పంచకుండా ఒకే వారసుడికి అప్పగించే ఆచారం ఉండడం వల్ల, సెంటు భూమి లేని తమ్ముళ్లు ప్రతి లోగిలిలోనూ ఉండేవారన్న విషయాన్ని కూడా గుర్తుంచుకోవాలి. భక్తి వారిని కదిలించిందన్నది నిజం. వెళ్లడానికి వారికి తీరిక, అవసరం రెండూ ఉన్నాయన్నదీ నిజం. ఒకటి చెప్పి రెండవది దాచితే ఆ ఊరి చరిత్ర సగమే అవుతుంది.

సముద్రానికి దూరాన ఉన్న ఈ సంఘం సొంత ఓడనే కట్టించుకుంది. హార్బుర్గ్ రేవులో తయారైన ఆ ఓడ పేరు ‘కాండాట్సే’. అపొస్తలుల కార్యములలో కనిపించే ఐతియొపీయుల రాణి కందాకే పేరే అది. 1853లో ఎనిమిది మంది మిషనరీలు, మరో ఎనిమిది మంది రైతులు, పనివారు దానిలో ఆఫ్రికాకు బయలుదేరారు. గమ్యం ఇతియోపియా వైపున్న ఒరొమో ప్రజలు. తూర్పు తీరంలో దారి దొరకక, వారు వెనుదిరిగి దక్షిణాన నటాల్ చేరి 1854లో కొత్త హెర్మాన్స్‌బుర్గ్‌ను స్థాపించారు. మొదట తలపెట్టిన ఒరొమో సీమలో ఈ మిషన్ అడుగుపెట్టింది 1920ల చివర మాత్రమే. 1877లో మధ్య ఆస్ట్రేలియాలో, అరెంటే ఆదివాసుల నేలపై, మరో హెర్మాన్స్‌బుర్గ్ ఏర్పడింది. నీటిరంగుల చిత్రకారుడు ఆల్బర్ట్ నమత్‌జీరా 1902లో పుట్టింది అక్కడే.

లూయీ తరువాత తమ్ముడు థియోడోర్ హార్మ్స్ పాస్టరయ్యాడు. 1866లో, ఈ ఊరు ఉన్న హానోవర్ రాజ్యాన్ని ప్రష్యా కలుపుకున్నది. 1876 నుంచి జర్మనీ అంతటా పెళ్లిని ముందుగా ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయడం తప్పనిసరి అయింది. దానికి అనుగుణంగా చర్చి అధికారులు వివాహ క్రమంలోని మాటలను మార్చారు. పాత క్రమంలో పాస్టరు వధూవరులను దేవుని పేర జతపరిచేవాడు. కొత్త క్రమంలో అప్పటికే దంపతులైనవారిని ఆశీర్వదిస్తాడు. తేడా రెండు మూడు మాటలదే అయినా, పెళ్లి చేసేది దేవుడా, రాజ్యమా అనే ప్రశ్న అందులో ఉందని థియోడోర్ భావించి, కొత్త క్రమాన్ని చదవడానికి నిరాకరించి, 1878లో పదవి కోల్పోయాడు. ఆయన వెంట నడిచినవారు తరతరాల పీటర్-పౌలు చర్చిని విడిచి, అదే ఏడాది, అదే ఊరిలో ‘గ్రోసే క్రాయిట్స్‌కిర్షే’, అంటే పెద్ద సిలువ చర్చి, కట్టుకున్నారు. నడుమ స్తంభాలు లేకుండా కొయ్య కప్పును నిలిపిన ఆ విశాలమైన గుడి, రైతుల వడ్రంగానికి గొప్ప నిదర్శనం. థియోడోర్ మరణించాక వారిలోనూ విభేదం వచ్చి చిన్న సిలువ చర్చి వెలసింది. ఇంత చిన్న ఊరిలో మూడు లూథరన్ చర్చిలు ఉండడాన్ని కేవలం కలహంగా చూడడం అన్యాయం. మాటకు బరువున్నదని నమ్మిన రైతులు దాని కోసం కన్నవారి సమాధులున్న చర్చినే వదులుకున్నారు.

తెలుగు నేలతో ఈ పల్లెకు సంబంధం లూయీ చివరి రోజులలో ఏర్పడింది. అంతకుముందు తమిళ దేశంలో లైప్‌జిగ్ మిషన్ తరఫున పనిచేసిన ఆగస్ట్ మైలియస్‌ను ఆయన పంపగా, మైలియస్ 1865లో సూళ్లూరుపేటలో స్థిరపడ్డాడు. అక్కడి నుంచి నాయుడుపేట, గూడూరు, కాళహస్తి, వెంకటగిరి, తిరుపతి వరకు హెర్మాన్స్‌బుర్గ్ మిషనరీలు విస్తరించారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్లు శత్రుదేశీయులుగా నిర్బంధానికి గురికావడంతో ఈ క్షేత్రం అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వెళ్లింది. తిరుపతి కేంద్రంగా ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి ఆ పరంపరదే.

2015 జనవరి 1న హెర్మాన్స్‌బుర్గ్, పొరుగున ఉన్న ఉంటర్‌ల్యూస్ కలిసి జ్యూడ్‌హైడే అనే కొత్త పురపాలనా విభాగంగా మారాయి. 1854 నుంచి ఆ పల్లెలో వెలువడిన మిషన్ పత్రిక సంచికలలో తెలుగు నేల నుంచి వెళ్లిన ఉత్తరాలు, నివేదికలు జర్మన్ భాషలో ఉన్నాయి. అవి రాసినవారి దృష్టి మిషనరీల దృష్టే అయినా, నెల్లూరు సీమ దక్షిణ భాగపు చరిత్రను రాయదలచినవారు జర్మన్ తెలిసినవారి సాయంతో వాటిని తప్పక చదవాలి.