నార్కొండం ద్వీపము

నార్కొండం అండమాన్ సముద్రములోని ఒక చిన్న అగ్నిపర్వత ద్వీపము. ఇది అండమాన్ నికోబార్ దీవుల కేంద్రపాలిత ప్రాంతమునకు చెందినది. రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుండి శ్రీ విజయపురం) ఈశాన్యమున సుమారు 260 కి.మీ. దూరములో ఉన్నది. వైశాల్యము దాదాపు 7 చ.కి.మీ. మాత్రమే, కాని శిఖరము ఎత్తు 710 మీటర్లు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతముల నుండి వలస వెళ్ళిన తెలుగువారు అండమాన్ దీవులలో చాలామంది కలరు. నార్కొండంలో మాత్రము ఒక పోలీసు శిబిరము తప్ప జనావాసము లేదు.

పేరు

"నరకకుండము" అను మాట నుండి ఈ పేరు వచ్చినదని ఒక అభిప్రాయము. అయితే ఇక్కడ చరిత్రకు తెలిసిన విస్ఫోటనము ఏదియు లేదు. నిప్పులు కక్కునది దక్షిణమున సుమారు 135 కి.మీ. దూరములోని బ్యారెన్ ద్వీపము. అందుచేత ఈ పేరు మొదట దానిదే అయి ఉండవచ్చునని కొందరు భావించినారు.

భూగర్భ నిర్మాణము

ఉత్తరాంధ్ర తీరమున కనిపించు కొండలు ఖొండలైట్, చార్నొకైట్ వంటి అతి ప్రాచీన రూపాంతర శిలలు. అవి అగ్నిపర్వతములు కావు. నార్కొండం పుట్టుక వేరు. భారత ఫలకము తూర్పున బర్మా ఫలకము క్రిందకు దిగుచుండుటచే ఏర్పడిన అగ్నిపర్వత వరుసలో ఇది ఒకటి. ఇచ్చటి లావా ఆండెసైట్, డేసైట్ రకములది. సిలికా ఎక్కువగా ఉండుట వలన ఇట్టి లావా చిక్కగా ఉండి దూరము ప్రవహించదు, బిలము చుట్టునే పేరుకొని గుమ్మటముగా పెరుగుతుంది. పర్వతము ఇప్పుడు నిద్రాణముగా ఉన్నది. వాలులన్నియు దట్టమైన అడవి.

నార్కొండం హార్న్‌బిల్

ఈ పక్షి ప్రపంచములో మరెక్కడను లేదు. 1873లో దీనిని శాస్త్రీయముగా వర్ణించినవాడు ఎ.ఓ.హ్యూమ్ (తరువాత కాంగ్రెసు స్థాపకులలో ఒకడైన హ్యూమ్ ఇతడే). మగపక్షి తల, మెడ ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉండును, ఆడపక్షి నల్లనిది. ముఖ్యాహారము మర్రి, మేడి జాతుల పండ్లు. గ్రుడ్లు పెట్టు కాలమున ఆడపక్షి చెట్టు తొర్రలో చేరి ద్వారమును మూసుకొనును. మిగిలిన సన్నని చీలిక గుండా మగపక్షి ఆహారమును అందించును. కనుక పెద్ద తొర్రలు గల ముదురు చెట్లు లేనిదే ఈ జాతి నిలువదు. ఇక్కడి అడవి పోయినచో పక్షికి వెళ్ళుటకు వేరొక చోటు లేదు.

రక్షణ

ద్వీపమును 1977లో అభయారణ్యముగా ప్రకటించినారు. పోలీసుల కొరకు తెచ్చిన మేకలు విపరీతముగా పెరిగి లేత మొక్కలను తినివేసినవి. తరువాత వానిని తొలగించవలసి వచ్చినది. తీర రక్షణ దళము ఇక్కడ రాడార్ నెలకొల్పదలచగా, హార్న్‌బిల్ మనుగడకు ముప్పు కలుగునని కేంద్ర పర్యావరణ శాఖ 2012లో నిరాకరించినది. 2014లో అదే శాఖ అనుమతి ఇచ్చినది.