లంబసింగి దారి – మన్యపు కూలి

మార్గశిరం వచ్చిందంటే చాలు, విశాఖ మన్యానికి యాత్రికుల తాకిడి మొదలవుతుంది. లంబసింగి మంచు, తాజంగి జలాశయం, కొండవాలు మీద పసుపు ఆరబోసినట్లున్న వలిసెపూలు – ఇవన్నీ కన్నులపండువులే, కాదనను. అయితే నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే ఆ ఘాట్ దారికొక చరిత్ర ఉన్నది. అది తెలిసి ప్రయాణించడం మేలు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో మన్యవాసుల పోడు వ్యవసాయానికి సంకెళ్ళు పడ్డాయి. తాతముత్తాతలు తిరిగిన అడవిలోనే కట్టెపుల్ల విరిచినా నేరమయింది. ఆపైన వచ్చింది రోడ్డు పని. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత బలవంతంగా ఈ దారి పనులు చేయించి, న్యాయమైన కూలి కూడా ముట్టజెప్పలేదు. నేడు మన కార్లు సుఖంగా ఎక్కే మలుపుల క్రింద ఆ చెల్లని కూలి ఉన్నది.

ఆ కడుపుమంటకు నాయకత్వం వహించినవాడు అల్లూరి సీతారామరాజు. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, మల్లుదొర సోదరులు ఆయనకు కుడిఎడమ భుజాలైనారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి – వరుసగా మూడు దినాలు, మూడు ఠాణాలు! తీసుకొనిపోయిన ఆయుధాలకు లెక్క వ్రాసిపెట్టి మరీ వెళ్ళాడాయన. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు నేలకొరిగారు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగితేగాని పితూరీ అణగలేదు. 1924 మే 7న కొయ్యూరు వద్ద రాజును చంపివేశారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. మల్లుదొర మాత్రం చెర అనుభవించి, స్వతంత్ర భారతంలో 1952 ఎన్నికలలో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. రోడ్డు కూలీల పక్షాన నిలిచినవాడు శాసనకర్త కావడం కంటె గొప్ప తీర్పు ఏముంటుంది?

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి పేరిట జిల్లా ఏర్పడింది. చిత్రమేమంటే, ఆ విభజనలో ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాకు చేరింది! సరిహద్దు గీతలకు చరిత్రతో పనిలేదు కదా.

కనుక మిత్రులారా, ఈసారి లంబసింగికి వెళ్ళేటప్పుడు నర్సీపట్నం వద్ద కొంచెం దారి మళ్ళి కృష్ణదేవిపేట చూడండి. మంచు చూచి వెనుదిరగక చింతపల్లి దాకా వెళ్ళండి. పిల్లలు వెంట ఉంటే, ఏ ఊరిలో ఏమి జరిగిందో ఆ ఊరిలోనే నిలబడి చెప్పండి. పుస్తకంలో తేదీలుగా మాత్రమే మిగిలిన మూడు దినాలు అక్కడ ఊళ్ళుగా కనిపిస్తాయి. సంతలో మిరియాలో, పసుపో కొన్నప్పుడు గిరిజనుడితో గీచిగీచి బేరమాడకండి. ఈ కొండల్లో కూలి ఎగవేసిన పాపం ఒకసారి ఎంత దూరం పోయిందో చూశాము గదా.