సూరత్ తెలుగు బడి, పెన్షన్ జవాను

సూరత్ అంటే చీరలు. ఆ మరమగ్గాల వెనక తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలీల చెమట ఉంది. లింబాయత్ ప్రాంతంలో మనవాళ్ళు ఎక్కువ. వారి పిల్లల కోసం అక్కడి నగర ప్రాథమిక శిక్షణ్ సమితి తెలుగు బడులు కూడా పెట్టింది. పరరాష్ట్రంలో ఇది చిన్న సంగతి కాదు.

అలాంటి బడిలో పాఠం చెప్పాలని పెన్షన్‌కొచ్చిన జవానుకు ఆశ ఉండొచ్చు. అయితే 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. ఆ ఆగస్టు 23న ఎన్.సి.టి.ఇ. అర్హతలు ప్రకటించింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు మామూలుగా ఇంటర్‌లో 50 శాతం మార్కులు, రెండేళ్ళ డిప్లొమా, ఆపైన టెట్.

నాలాంటి ఇంటర్ సుబేదారు రంగరూట్లకు నేర్పిన ఏళ్ళు ఇందులో లెక్కకు రావు. అది న్యాయమే అంటాను. డ్రిల్లు వేరు, ఆరేళ్ళ పిల్లచేత ‘అ’ దిద్దించడం వేరు. కుర్రాళ్ళ పక్కన రెండేళ్ళు బెంచీ మీద కూర్చోవాల్సిందే. పెన్షన్ ఉంది గనుక అన్నాళ్ళూ మన ఇల్లు గడుస్తుంది. మగ్గం కార్మికుడికి ఆ వీలు లేదు.