ఊపిరి కొలతలో జాతి

కొన్నేళ్ళ క్రితం అమెరికాలో ఉన్నప్పుడు, ఎంతకూ విడవని దగ్గు మూలంగా ఊపిరితిత్తుల పరీక్షకు వెళ్ళవలసివచ్చింది. గొట్టాన్ని నోట పెట్టుకొని బలంకొద్దీ ఊదాలి. ఎంత గాలి బయటికొచ్చిందో యంత్రం చెబుతుంది. ఊదబోయేముందు అక్కడి ఉద్యోగిని నా వయసు, ఎత్తు అడిగి రాసుకొని, ఆపైన "ఏషియన్" అన్న గడిలో గుర్తు పెట్టింది. నా ఊపిరికీ జాతికీ ఏమిటి సంబంధమని అడిగాను. మీవాళ్ళకు సాధారణ స్థాయి కొంచెం తక్కువని జవాబు. ఆ మాటకు మూలమెక్కడుందో వెదుక్కుంటూ పోతే బానిసల కాలం దాకా వెళ్ళాను.

స్పైరోమీటర్ అనే ఈ పరికరానికి రూపమిచ్చినవాడు జాన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు. రెండువేలమందికి పైగా మనుషుల ఊపిరిని కొలిచి, ఎత్తుతోపాటు అదీ పెరుగుతుందని 1846లో చూపించాడు. కొద్దికాలానికే అమెరికా దక్షిణాదిలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, నల్లవారి ఊపిరితిత్తుల సామర్థ్యం తెల్లవారికంటే అయిదోవంతు తక్కువని ప్రకటించాడు. బలవంతపు చాకిరీయే ఆ లోపానికి మందన్నాడు. బానిసలు పారిపోవడాన్ని మనోరోగంగా వర్ణించి, 1851లో దానికొక పేరు కూడా పెట్టిన మహానుభావుడు ఈయనే!

అంతర్యుద్ధం ముగిశాక, 1869లో బెంజమిన్ గౌల్డ్ సైనికుల దేహపు కొలతలను గ్రంథంగా వెలువరించాడు. అందులోనూ నల్ల సైనికుల అంకెలు తక్కువగానే ఉన్నాయి. వారిలో చాలామంది నిన్నమొన్నటిదాకా బానిసలు. ఏం తిని పెరిగారు, ఎక్కడ పడుకున్నారు, ఏ జబ్బులు పడ్డారు అన్న ప్రశ్నలకు ఆ పట్టికల్లో చోటు లేదు. ఆ అంకెలను వాడుకొని, 1896లో ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అనే బీమా గణాంకవేత్త, నల్లవారిలో క్షయ మరణాలకు కారణం జాతి లక్షణమే తప్ప జీవన పరిస్థితులు కావని తేల్చాడు.

దీన్ని ఖండించినవారిలో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ముఖ్యులు. ఫిలడెల్ఫియా ఏడవ వార్డులో ఇల్లిల్లూ తిరిగి 1899లో ప్రచురించిన గ్రంథంలో, గాలి ఆడని గదులనూ, అపరిశుభ్రతనూ, చాలీచాలని కూలినీ లెక్కలోకి తెచ్చారు. పేదరికాన్ని పక్కన పెట్టి చూస్తే, జాతి భేదంగా కనిపించేదాంట్లో అధికభాగం కరిగిపోతుందని 1906లో మళ్ళీ వాదించారు.

వాదంలో డుబోయిస్ నెగ్గినా, యంత్రంలో మాత్రం హాఫ్‌మనే నిలిచాడు. నల్లవారికి 10 నుంచి 15 శాతం, ఆసియావారికి 4 నుంచి 6 శాతం తగ్గించి "సాధారణం" అని లెక్కకట్టే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది. దీని ఫలితం గమనించండి. ఒకే వయసు, ఒకే ఎత్తు గల ఇద్దరు సమానంగా గాలి ఊదినా, తెల్లవాడు రోగి, నల్లవాడు ఆరోగ్యవంతుడు కావచ్చు. 1999లో బాల్టిమోర్‌లో, ఆస్‌బెస్టాస్ వల్ల జబ్బుపడిన కార్మికుల కేసుల్లో ఒక కంపెనీ ఇదే లెక్కను అడ్డం పెట్టుకొంది. నల్లవారు పరిహారం పొందాలంటే మరింత ఎక్కువ జబ్బు రుజువు చేసుకోవాలంది. న్యాయమూర్తి అంగీకరించలేదు.

దేహ నిర్మాణంలో, ముఖ్యంగా మొండెం పొడవులో, తేడాలు ఉండవచ్చు. కాని అవి మొత్తం వ్యత్యాసాన్ని వివరించలేవు. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ, జాతితో నిమిత్తం లేని లెక్కనే వాడమని సిఫార్సు చేసింది.

ఇదంతా చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. నలభయ్యేళ్ళపాటు పిడకల పొయ్యి ముందు కూర్చొని ఊదుగొట్టంతో ఊదిన మనిషి. తెల్లవారుజామున ఆవిడ దగ్గు మా ఇంట్లో కోడికూతంత మామూలు. అట్లాంటి దగ్గు మీ ఇళ్ళల్లోనూ వినే ఉంటారు. పొగ హరించిన ఊపిరిని "మీవాళ్ళకు ఇంతే" అని రాసేస్తే, నేరం పొయ్యిని విడిచి పుట్టుక మీదికి పోతుంది. అప్పుడు పొయ్యిని మార్చవలసిన పనే ఉండదు. బానిసల గుడిసెల విషయంలోనూ, ఫిలడెల్ఫియా ఇరుకు గదుల విషయంలోనూ జరిగింది అదే.

ఆనాడు నా పరీక్ష కాగితం మీద అంతా సాధారణమేనని ఉంది. సంతోషంగా ఇంటికొచ్చాను. ఎవరితో పోల్చి సాధారణమో అడగాలని అప్పుడు తోచలేదు.