కౌలు గడువు ముగిసినా పొలం అప్పగించకపోతే

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట మండలాల్లో ఉగాది నుంచి ఉగాదికి అని నోటిమాటగా పొలం కౌలుకిస్తే, మిర్చి ఆఖరి కోతలు ఉండగానే గడువు తీరిపోతుంది. పొలం ఇచ్చేయమని ఆసామి, కాయ ఇంకా చెట్టు మీదే ఉందని కౌలు రైతు. తగాదా అక్కడ మొదలవుతుంది.

అలాంటప్పుడు ట్రాక్టరు పెట్టి దున్నించేయకండి. పాసు పుస్తకం మీ పేరున ఉన్నా, స్వాధీనంలో ఉన్నవారిని చట్టప్రకారమే ఖాళీ చేయించాలి. బలవంతంగా వెళ్లగొడితే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆయన 6 నెలల్లోపు కోర్టులో దావా వేసి పొలం తిరిగి స్వాధీనం చేయమని కోరవచ్చు. ఆ దావాలో పొలం ఎవరిదన్న ప్రశ్న రాదు. పైరు పాడు చేస్తే క్రిమినల్ కేసు అదనం.

గడువు తీరాక తర్వాతి కాలానికి కౌలు డబ్బు తీసుకోకండి. తీసుకుంటే మీరు పొడిగింపుకు ఒప్పుకున్నారని అవతలి లాయరు వాదిస్తారు. మిగిలిన కోతల వరకే ఆగదలిస్తే ఎప్పటిదాకా, ఎంతకు అన్నది రాసి ఇద్దరూ సంతకాలు చేయండి.

పంట ఇంటికి చేరాక కూడా వదలకపోతే ముందు రసీదు వచ్చేలా పోస్టులో నోటీసు పంపండి. పోలీసు స్టేషనుకు పరుగెత్తి లాభం లేదు, సివిల్ తగాదా తేల్చే అధికారం వారికి లేదు. మండల న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు. కోర్టు ఫీజు ఉండదు, అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. రాజీ కుదరకపోతే స్వాధీనం కోసం సివిల్ కోర్టులో దావా వేయాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

1956 నాటి కౌలు చట్టం కౌలుకు కనీసం 6 ఏళ్ల గడువు పెట్టింది. అప్పటి నుంచి ఆసాములకు కాగితమంటే జంకు. నిజానికి కాగితం లేనివారే గడువు తీరిందని రుజువు చేయలేక తిప్పలు పడతారు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలకే చెల్లుతుంది. దానితో పంట రుణం, బీమా, నష్టపరిహారం కౌలు రైతుకు అందుతాయి, భూమి మీద హక్కు రాదు. ఈ-పంటలో ఆయన పేరు ఎక్కినా అంతే.

మిర్చి వేసే కౌలు రైతులు గడువును పండుగతో కాకుండా ఆఖరి కోతతో ముడిపెట్టి, తేదీ వేసి రాయించుకోండి.